భీమిలి ఎంత దూరం?

యాభై నాలుగో ఏడు వచ్చేదాకా నేను బస్సు కోసం తప్ప మరి దేనికోసమూ పరుగెత్తి ఎరుగను. ఆ బస్సులు కూడా చాలామట్టుకు నాకు అందలేదు. అలాంటి నేను విశాఖపట్నం నుంచి భీమునిపట్నానికి పరుగెత్తుకుంటూ వెళ్ళానంటే మా బంధువుల్లో సగంమంది నమ్మలేదు. నమ్మిన సగంమందీ, "ఎందుకూ, బస్సులు లేవా?" అన్నారు.

బస్సులకేమీ లోటు లేదు. సముద్రపుటొడ్డునే చక్కని రోడ్డు వుంది. దూరం పాతిక కిలోమీటర్ల పైచిలుకు. బస్సెక్కితే కబుర్లు చెప్పుకుంటూ వుండగానే భీమిలి వచ్చేస్తుంది. నాకు మాత్రం చేరడానికి మూడేళ్ళు పట్టింది. ఆ మూడేళ్ళ ప్రయాణం గురించే చెప్పబోతున్నాను.

మా అక్క అత్తవారిల్లు భీమిలి. నాకంటే పదిహేనేళ్ళు పెద్దది. చిన్నతనంలోనే మా అమ్మ పోతే, అక్క నన్ను తన దగ్గరే వుంచుకుని హైస్కూలు చదివించింది. తరవాత నాకు విశాఖలో బ్యాంకు వుద్యోగం వచ్చింది. పెళ్ళి, పిల్లలు, బదిలీలు, ప్రమోషన్లు. అక్కను చూడడం సంక్రాంతికీ, దసరాకీ పరిమితమైపోయింది. అదైనా కారులో వెళ్ళడం, భోజనం చేయడం, చేతి గడియారం చూసుకోవడం. 2022 సంక్రాంతికి వెళ్ళినప్పుడు అక్క నవ్వుతూనే ఒక మాట అంది. "ఒరే తమ్ముడూ, నీ కారు చప్పుడు వినిపించగానే నువ్వెప్పుడు బయల్దేరతావో లెక్క కట్టుకుంటాన్రా!"

నాకు నోట మాట రాలేదు. ఏదో ఒకటి అనాలి గనుక, "ఈసారి కారులో రాను లేవే. పరుగెత్తుకుంటూ వస్తాను" అన్నాను. ఇంటిల్లిపాదీ పకపకా నవ్వారు. నేనూ నవ్వాను. అయితే అదే నెలలో రక్తపరీక్ష చేయించుకుంటే చక్కెర హద్దు దగ్గర నిలబడి వుందన్నారు. గుండె పరీక్షలు కూడా చేసి, "ఫరవాలేదు, రోజూ నడవండి. మెల్లిగా పరుగు మొదలుపెట్టినా మంచిదే" అన్నారు డాక్టరుగారు. అలా నవ్వులాటకు అన్న మాట నా వెంటపడింది.

విశాఖ వాసులకు బీచ్ రోడ్డు సంగతి చెప్పనక్కర్లేదు. చూడనివారి కోసం చెబుతాను. రేవు వైపున కోస్టల్ బ్యాటరీ దగ్గర మొదలై, కాళీమాత గుడి ముందునుంచి, యుద్ధ స్మారకం పక్కనుంచి, సముద్రాన్ని కుడిచేతి వైపు వుంచుకుని ఈ రోడ్డు ఈశాన్యంగా సాగిపోతుంది. తెల్లవారుఝామున ఇక్కడ కొంతమేర వాహనాలను ఆపేస్తారు. ఆ వేళ రోడ్డంతా జనానిదే. చేతులూపుతూ నడిచేవాళ్ళు, గుంపుగా నిలబడి పనిగట్టుకు నవ్వేవాళ్ళు, వేడి వేడి ఇడ్లీల బండివాళ్ళు, అప్పుడే వల విదిలిస్తున్న జాలరులు. అందరి మధ్యా ఇసుకలో గట్టెక్కి కూర్చున్న జలాంతర్గామి కుర్సురా. 1969లో నౌకాదళంలో చేరి, 2001లో విరమించి, మరుసటి ఏడాది నుంచి ప్రదర్శనశాలగా వుంది. రిటైరైనవాళ్ళందరూ పొద్దున్నే దాని చుట్టూ చేరడం న్యాయమే మరి!

నా మొదటి పరుగు కాళీమాత గుడి నుంచి ఆ జలాంతర్గామి దాకా. నడిచినా పెద్ద దూరమేమీ కాదు. సగం దారిలోనే నాకు కళ్ళు బైర్లు కమ్మాయి. గట్టుమీద కూలబడి రొప్పుతుంటే ఒక పెద్దాయన వచ్చి పక్కన కూర్చున్నారు. లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యారట. అరవై ఆరేళ్ళు. ఒంటిమీద ఒక్క అనవసరపు గ్రాము లేదు.

"బస్సు తప్పిపోయిందాండీ?" అన్నారు.

"లేదండీ, భీమిలి వెళ్ళాలి" అన్నాను. విషయం చెప్పాను.

ఆయన నవ్వలేదు. "వెళ్ళొచ్చు. కాని ఇలా కాదు. పన్నెండో ఎక్కం వచ్చునా?" అన్నారు.

మర్నాటి నుంచి నా శిక్షణ ఎక్కంతోనే మొదలైంది. పరుగెత్తుతూ పన్నెండో ఎక్కం పైకి చెప్పాలి. ఎక్కడైనా ఊపిరి అందక తెగిందా, వేగం ఎక్కువైనట్టు లెక్క, తగ్గించాలి. ఆయాసం లేకుండా పూర్తి వాక్యం మాట్లాడగలిగే వేగమే దూరపు పరుగుకు సరైన వేగమని ఈ విద్యలో అనుభవమున్నవారంతా చెప్పే మాట. మాస్టారు దాన్ని ఎక్కంలోకి దించారు, అంతే. రెండు నిమిషాలు పరుగు, ఒక నిమిషం నడక. వారానికి నాలుగు రోజులే. మూడు రోజులు కొద్ది దూరం, ఆదివారం మాత్రం కాస్త ఎక్కువ. తక్కిన మూడు రోజులూ విశ్రాంతి.

"విశ్రాంతి కూడా శిక్షణేనండీ. కండ బలపడేది పరుగెత్తినప్పుడు కాదు, పడుకున్నప్పుడు" అనేవారు మాస్టారు. ఈ ఒక్క సూత్రం మాత్రం నాకు వెంటనే వంటబట్టింది.

వింటే నమ్మరు గాని, రోడ్డు కొంచెం కొంచెంగా పొడుగు కాసాగింది. ఫిబ్రవరిలో పార్కు హోటలు దాటాను. వేసవికి వుడా పార్కు. వానలు పడేసరికి కైలాసగిరి కింద తెన్నేటి పార్కు. 2020 అక్టోబరు వాయుగుండానికి కొట్టుకొచ్చి బంగ్లాదేశ్ ఓడ ఒడ్డెక్కింది ఈ పార్కు దగ్గరే. ఎన్నాళ్ళుగానో కారులో అరనిమిషంలో దాటిపోయిన చోట్లు ఇవన్నీ. కాలితో కొలిస్తేగాని ఎక్కడ ఎత్తో, ఎక్కడ పల్లమో, ఎక్కడ గాలి ఎదురుకొడుతుందో తెలియలేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను ఈ రోడ్డును చీల్చి, చెట్లను పెరికి పారేసింది. తరవాత నాటినవి ఏ మేరకు ఎదిగాయో ఇప్పుడు నాకు చెట్టు చెట్టునా తెలుసు. నీడ విలువ పరుగెత్తేవాడికి తెలిసినట్టు మరొకడికి తెలియదు.

ఆగస్టు చివరికి పది కిలోమీటర్లు చేయగలిగాను. చక్కెర దిగింది. నడుం కొలత తగ్గింది. మా ఆవిడ పాత పంట్లాములన్నీ మళ్ళీ కుట్టించింది. సరిగ్గా అక్కడే నాకు గర్వం పుట్టింది.

గర్వానికి తోడు భయం కూడా. సెప్టెంబరులో అక్కకు జ్వరం తగిలి చాలా నీరసించింది. ఫోనులో, "నువ్వు పరుగెత్తుకుంటూ వచ్చేసరికి నేనుంటానో వుండనోరా" అంది. వేళాకోళానికే అంది. కాని ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఈ ఏడాదిలోనే వెళ్ళి తీరాలనుకున్నాను. మాస్టారు వూళ్ళో లేరు. పది కిలోమీటర్లవాణ్ణి ఒక ఆదివారం పద్నాలుగు చేశాను. ఊపిరి ఆడుతూనే వుంది. ఎక్కం ఎక్కడా తెగలేదు. ఆపై ఆదివారం ఋషికొండ దాకా వెళ్ళి వెనక్కు వచ్చాను. ఇరవైకి దగ్గర పడింది. ఇంటికి కుంటుతూ చేరాను. ఎడమకాలి ముందరి ఎముక మీద ఒకచోట వేలు పెడితే ప్రాణం పోతున్నట్టుంది.

ఎముకల డాక్టరు ఎక్స్‌రే తీశారు. అందులో ఏమీ కనిపించలేదు. స్కానింగులో తేలింది, వెంట్రుకవాసి పగులు. ఎనిమిది వారాలు పరుగు మాటెత్తవద్దన్నారు. "ఊపిరి బాగానే అందింది కదండీ!" అన్నాను, అదేదో ఆయన పొరపాటైనట్టు.

ఆయన ఓపికగా చెప్పారు. పరుగు మొదలుపెడితే గుండే, ఊపిరితిత్తులూ, కండరాలూ వారాల్లోనే బాగుపడతాయి. ఎముకలకూ, కండరాన్ని ఎముకకు కట్టి వుంచే స్నాయువులకూ నెలలు పడుతుంది. పైగా ఎముకకు కొత్త బరువు తగిలినప్పుడు అది ముందు తనలోని పాత భాగాన్ని కరిగించుకుంటుంది. ఆ తరవాతే గట్టిగా కట్టుకుంటుంది. ఇల్లు బాగుచేసేవాడు ముందు పాత గోడ కూల్చినట్టన్నమాట. కూల్చిన గోడ మళ్ళీ లేచేలోగా మనం మేడ మీద మేడ వేస్తే ఏమవుతుంది? నా కాలికి అదే అయింది.

మాస్టారు వచ్చి చూసి, "ఊపిరి అప్పు ఇస్తుందండీ, ఎముక వసూలు చేస్తుంది. బ్యాంకువారు, మీకు చెప్పాలా?" అన్నారు.

ఆ ఎనిమిది వారాలూ ఏం చేయను? ఆదివారం తెల్లవారుఝామున లేచే అలవాటు పోలేదు. పరుగు లేదు. కారు తోలడానికి కాలు సహకరించదు. బస్సెక్కి భీమిలి వెళ్ళాను. పొద్దున్నే వెళ్ళి సాయంత్రం దాకా అక్క దగ్గర కూర్చున్నాను. మళ్ళీ ఆదివారమూ వెళ్ళాను. ఆపై ఆదివారమూ వెళ్ళాను. కాళ్ళు బాగున్నన్నాళ్ళూ దొరకని తీరిక, కాలు విరిగాక దొరికింది! అక్క పప్పు రుబ్బుకుంటూ, వత్తులు చేసుకుంటూ అమ్మ సంగతులు చెప్పేది. అమ్మ గొంతు ఎలా వుండేదో నాకు గుర్తులేదు. అక్కను అడిగాను. "నీ కూతురు గొంతేరా, అచ్చం అలాగే" అంది. ముప్ఫయ్యేళ్ళుగా ఆ ప్రశ్న అడగడానికి నాకు తీరిక దొరకలేదు.

బస్సు కిటికీలోంచి ఋషికొండ అవతలి దారి కూడా క్షుణ్ణంగా చూశాను. కొండ మీద తొట్లకొండ బౌద్ధారామం వుంది. నీళ్ళ కోసం రాతిలో తొలిచిన తొట్ల వల్లనే ఆ పేరు. 1976లో నౌకాదళం వారి విమాన సర్వేలో బయటపడి, 1988 నుంచి 1993 దాకా తవ్వకాలు జరిగిన చోటు అది. రెండువేల ఏళ్ళ కిందట భిక్షువులు ఈ దారులన్నీ కాలినడకనే తిరిగి వుంటారు. వారికి తొందర వుండి వుండదు. కింద మంగమారిపేట జాలరి పల్లె. ఆ తరవాత ఎర్రమట్టి దిబ్బలు. గాలీ, నీరూ, సముద్రమూ వేలాది సంవత్సరాలు కూడబలుక్కుని పోగుచేసిన దిబ్బలవి. ఒక్కొక్క ఇసుక రేణువే వచ్చి అంతెత్తు కొండలయ్యాయి. కాలికి కట్టుతో వాటిని చూస్తూ కూర్చున్నవాడికి వేరే ఉపదేశం కావాలా?

2023 జనవరిలో మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టాను. కాళీమాత గుడి, జలాంతర్గామి, పన్నెండో ఎక్కం. ఈసారి మాస్టారు నోటుపుస్తకంలో గీతలు గీసి ఇచ్చారు. ఆదివారపు దూరాన్ని వారానికి కిలోమీటరు కంటే పెంచరాదు. మూడు వారాలు పెంచితే నాలుగో వారం తగ్గించాలి. ఎముకకు వాయిదా అన్నమాట! నొప్పి ఒకేచోట నిలిచి, పరుగెత్తేకొద్దీ పెరిగితే ఆ పూట ఇంటికి పోవాలి. పిక్కలకూ, తొడలకూ బలం రావడానికి వారానికి రెండుసార్లు మేడమెట్ల మీద మునివేళ్ళపై లేవడం, కుర్చీలోంచి చేతుల సాయం లేకుండా లేవడం.

ఆ చలికాలంలో నౌకాదళం వారి మారథాన్‌లో సగం దూరపు పందెంలో చేరాను. ఇరవై ఒక్క కిలోమీటర్ల తొంభై ఏడున్నర మీటర్లు. ఈ విచిత్రపు లెక్క ఎందుకంటారా? పూర్తి మారథాన్ 42 కిలోమీటర్ల 195 మీటర్లు. 1896 ఏథెన్సు పందెం సుమారు నలభై కిలోమీటర్లే. 1908 లండను ఒలింపిక్సులో విండ్సర్ కోట దగ్గర మొదలుపెట్టి, స్టేడియంలో రాజకుటుంబం కూర్చున్నచోటి ముందు ముగించడంతో ఈ లెక్క వచ్చింది. 1921లో దాన్నే స్థిరం చేశారు. రాజుగారి కుర్చీ కోసం నడిచిన దూరం, ఇప్పుడు ప్రపంచమంతా పరుగెడుతోంది! మన దేశంలో శివనాథ్ సింగ్ ఈ దూరాన్ని 1978లో జలంధర్‌లో సరిగ్గా 2 గంటల 12 నిమిషాల్లో ముగించారు. దశాబ్దాల తరబడి ఆ రికార్డును దాటినవారు లేరు. చాలా పందేలు ఆయన వట్టి కాళ్ళతోనే పరుగెత్తారు. నేను అందులో సగం దూరానికి, మంచి బూట్లు వేసుకుని, ఆయనకంటే అరగంట పైగా ఎక్కువ తీసుకున్నాను. అయినా మెడలో పతకం వేస్తే మా ఆవిడ కళ్ళు తుడుచుకుంది. నేను చూడనట్టు నటించాను.

2024 అంతా దూరం పెంచడానికే సరిపోయింది. ఇరవై దాటాక పరుగు కాళ్ళకు మాత్రమే సంబంధించిన వ్యవహారం కాదు; కడుపుకూ, ఉప్పుకూ కూడా. శరీరం పిండిపదార్థాన్ని కండల్లోనూ, కాలేయంలోనూ దాచుకుంటుంది. అది సుమారు ముప్ఫై కిలోమీటర్లకు అడుగంటుతుంది. అందుకని దారిలోనే అరటిపండో, ఖర్జూరమో తింటూ పోవాలి. ఇక విశాఖ ఉక్కపోత సంగతి తెలిసిందే. గాలిలో తేమ ఎక్కువైతే చెమట ఆరదు, ఒళ్ళు చల్లబడదు. అలాగని కడుపునిండా వట్టి నీళ్ళు తాగడమూ ప్రమాదమే. రక్తంలో ఉప్పు పలచబడిపోతుంది. 2002లో బోస్టన్ మారథాన్ ముగించిన 488 మంది రక్తాన్ని పరీక్షిస్తే, 13 శాతం మందిలో ఉప్పు వుండవలసినంత లేదని తేలింది. దాహమైనంత వరకే తాగాలి. మా ఇంట్లో ఇందుకు పెద్ద పరిశోధన అక్కర్లేకపోయింది. ఉప్పు వేసిన పలచని మజ్జిగ సీసాలో పోసి మా ఆవిడే సిద్ధం చేసేది.

2025 జనవరి 12, ఆదివారం. మర్నాడు భోగి. తెల్లవారుఝామున నాలుగున్నరకు జలాంతర్గామి దగ్గర మాస్టారూ, నేనూ బయల్దేరాం. స్కూటరు మీద మా అబ్బాయి, వెనక సంచీతో మా ఆవిడ. ప్రతి అయిదారు కిలోమీటర్లకూ ముందుగా వెళ్ళి నిలబడడం వాళ్ళ పని. కైలాసగిరి చీకట్లోనే దాటాం. ఋషికొండ దగ్గర తూర్పు తెల్లబడింది. తొట్లకొండ వచ్చేసరికి సముద్రంలోంచి సూర్యుడు లేచాడు. మాస్టారు ఆగి దణ్ణం పెట్టారు; ఆ వంకతో నేనూ కాస్త ఆగాను.

మంగమారిపేట దగ్గర తలమీద చేపల తట్టతో ఎదురొచ్చిన ఒక ముసలామె మమ్మల్ని ఎగాదిగా చూసి, "ఏటి బావూ, ఎవులు తరుముతున్నారు?" అంది.

"ఎవరూ లేరమ్మా, మా అక్కింటికి వెళ్తున్నాను."

"పండగ్గావాల! ఎల్లు నాయనా, ఎల్లు. నిమ్మళంగా ఎల్లు" అంది. మూడేళ్ళుగా మాస్టారు చెబుతున్నదీ అదే.

ఎర్రమట్టి దిబ్బల దగ్గర కాళ్ళు బరువెక్కాయి. ఎక్కం చెప్పబోతే పన్నెండేళ్ళు ఎంతో గుర్తురాలేదు. మాస్టారు, "నడుద్దామండీ, నడక కూడా ప్రయాణమే" అన్నారు. కొంత నడిచాం, కొంత పరుగెత్తాం. 1861లోనే మునిసిపాలిటీ అయిన పాత వూరు, డచ్చివారి సమాధులున్న వూరు, గోస్తని నది సముద్రంలో కలిసే వూరు, నేను నిక్కర్లతో తిరిగిన వూరు కనిపించింది. నా చిన్నప్పుడు బడి నుంచి ఇంటికి పరుగెత్తుకొచ్చే వీధే అది. అంటే యాభై నాలుగేళ్ళదాకా పరుగెత్తి ఎరుగనన్న మాట అబద్ధమన్నమాట. క్షమించాలి. ఈ వీధిలో రోజూ పరుగెత్తేవాణ్ణి. ఎప్పుడు మానేశానో జ్ఞాపకం లేదు.

అక్క అరుగు మీదనే కూర్చుని వుంది. ముందే తెలిసి తెల్లవారకముందే వచ్చి కూర్చుందట. నన్ను చూసి లేచి, నా ముఖం కొంగుతో తుడిచింది. చెంబెడు నీళ్ళు కాళ్ళమీద పోసింది. లోపల పెనం మీద అట్లు పడుతున్న చప్పుడు వినిపిస్తోంది.

"మళ్ళీ ఎప్పుడు బయల్దేరతావురా?" అంది అలవాటుగా.

"కాళ్ళు లేస్తే కదే! రేపు భోగిమంట చూసి, కనుమ వెళ్ళాక చూద్దాం" అన్నాను.

మాస్టారు అట్లు తిని, తిరుగు బస్సు ఎక్కారు. వెళ్తూ నోటుపుస్తకం నా చేతిలో పెట్టారు. చివరి పేజీలో 42 అని వేసి, చుట్టూ సున్న చుట్టి, పక్కన "తొందర లేదు" అని రాసివుంది.